చుట్టాలు లేని పోలీసులు

బహ్రెయిన్‌లో ఏలినవారిని కించపరిస్తే ఏడేళ్ల దాకా జైలు, పదివేల దీనార్ల దాకా జుల్మానా. 2014లో శిక్షను ఇంత దూరం పెంచారు. కాబట్టి ఈ వ్యాసంలో పొగడ్త తప్ప మరొకటి ఉండదని ముందే మనవి చేసుకుంటున్నాను. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి పోయి ఆ దీవుల్లో ఇటుకలు మోస్తున్న మనవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల సీపీఆర్ గుర్తింపు కార్డులు వచ్చే ఏడు కూడా రెన్యువల్ కావాలి. ఇక్కడ కూర్చుని రాసేవాడి నోటి దురుసుకు అక్కడ వాళ్ల కూడు పోకూడదు.

అదృష్టం కొద్దీ పొగడటానికి విషయం వెతుక్కోవలసిన పని లేదు. కుర్రవాళ్లకు పనుల్లేని దేశాలు లోకంలో చాలా ఉన్నాయి. ఆ ప్రభుత్వాలకు తోచే ఉపాయం ఒకటే, పోలీసు ఉద్యోగాలకు నోటిఫికేషన్ వేయడం. మన దగ్గర దాని వైభవం చూస్తూనే ఉన్నాం. తెల్లవారుజామున గ్రౌండులో పరుగులు, ఛాతీ కొలతలు, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదిలో నలుగురు పడుకునే చోట ఎనిమిది మంది, కోచింగ్ సెంటరుకు అమ్మ పుస్తెలతాడు. బహ్రెయిన్ ఏలినవారు తమ ప్రజల్లో చాలామందికి ఈ యాతన ఏదీ లేకుండా చేశారు. పోలీసు కొలువులకు పాకిస్తాన్ నుంచి, ముఖ్యంగా బలూచిస్తాన్ నుంచి, జోర్డాన్, సిరియా, యెమెన్ దేశాల నుంచి పెద్ద సంఖ్యలో మనుషులను రప్పించుకుంటారు. దేశ పౌరుల్లో ఎక్కువమంది షియాలు, ఏలేవారు సున్నీలు. సితరాలోనో సనాబిస్‌లోనో పుట్టిన షియా కుర్రవాడు ఖాకీ బట్టల మీద ఆశ పెట్టుకుంటే, ఆ ఆశ నెరవేరడం అరుదు. పరుగు పందెం దాకా పోనక్కర్లేదు. ఇంటిపేరూ ఊరిపేరూ చెబితే పరీక్ష అయిపోయినట్టే. మనవాడికి ఫెయిలయ్యాడని తెలియడానికి రెండేళ్లు పడుతుంది, కోర్టు కేసు పడితే నాలుగేళ్లు.

ఇది చట్టం లేకుండా చేసిన పని అనుకునేరు. 2002 రాజ్యాంగంలో 30వ అధికరణం ఈ సంగతే చెబుతుంది. రక్షణ దళం, నేషనల్ గార్డు, పోలీసు పనులను పౌరులు కానివాళ్లకు అప్పగించేది అవసరం పరాకాష్ఠకు చేరినప్పుడే, అదీ చట్టం చెప్పిన పద్ధతిలోనే. ఆ మాట రాసిన చేతికి కంకణం తొడగాలి. పరాకాష్ఠ అంటే ఎంత, అది ఎన్నాళ్లుండవచ్చు అన్న చిల్లర లెక్కల జోలికి పోలేదు. పక్కనే 13వ అధికరణంలో పౌరులకు పని దొరికేలా చూసే పూచీ రాజ్యానిదే అని కూడా రాసుకున్నారు. రెండూ ఒకే పుస్తకంలో, ఒకే అట్ట కింద, ఒకదాన్నొకటి పలకరించుకోకుండా ఇన్నేళ్లుగా కాపురం చేస్తున్నాయి.

ఇక ఆ అవసరం వయసు చూడండి. 1920లలో బహ్రెయిన్ బ్రిటిషువారి నీడలో ఉంది. ఆ నీడ కూడా లండన్‌ది కాదు, మన ఢిల్లీ సర్కారుది. మనామాలో పొలిటికల్ ఏజెంటు, ఆయన మీద బుషైర్‌లో రెసిడెంటు, ఆయన మీద భారత ప్రభుత్వం. బజారులో చెల్లేది మన రూపాయి. అప్పుడే అక్కడ ఒక పోలీసు దళం కావలసి వచ్చింది. ముత్యాల కోసం ఊపిరి బిగబట్టి సముద్రపు అడుగుకు దిగే మనుషులున్న దేశంలో లాఠీ పట్టుకునే మనిషి దొరకలేదట. మస్కట్ నుంచి బలూచీలను తెచ్చి దళం కట్టారు. 1926 ఆగస్టులో ఆ దళంలోని ఒక జవాను తన పైవాళ్ల మీదనే తుపాకి తిప్పాడు. ఏజెంటు మేజర్ డేలీ కూడా గాయపడ్డాడు. ఇంకో ప్రభుత్వమైతే బెదిరిపోయి స్థానికులను చేర్చుకునేది. ఇక్కడ గుండె నిబ్బరం వేరు. బలూచీలను పంపేసి, భారత సైన్యంలో పనిచేసి వచ్చిన పంజాబీలను దింపారు. పరాయివాడు పనికిరాలేదు గనుక వేరే పరాయివాణ్ణి తెచ్చుకున్నారు. నూరేళ్లు కావస్తున్నా ఆ సూత్రం పక్కకు జరగలేదు.

అదే ఏడు మార్చిలో చార్లెస్ బెల్‌గ్రేవ్ దిగాడు. లండన్‌లో టైమ్స్ పత్రికలో పడిన చిన్న ప్రకటన చూసి దరఖాస్తు పెట్టుకున్న యువకుడు. వచ్చి సలహాదారుగా కూర్చుని 1957 దాకా లేవలేదు. ఖజానా ఆయనే చూశాడు, పోలీసు దళాన్నీ ఆయనే నడిపాడు, కోర్టులో న్యాయమూర్తిగానూ ఆయనే కూర్చున్నాడు. పట్టుకునేదీ తీర్పు చెప్పేదీ జీతమిచ్చేదీ ఒక్కడే అయితే ఫైళ్లు ఎంత చురుగ్గా కదులుతాయో తాలూకా ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు వేరే చెప్పాలా?

తర్వాత వచ్చిన ఇయాన్ హెండర్సన్ సంగతి మరీ గొప్పది. కెన్యాలో మౌ మౌ తిరుగుబాటును అణచడంలో పేరు తెచ్చుకున్న పోలీసు అధికారి. ఆ తిరుగుబాటు నాయకుడు డెదాన్ కిమాతీని వెంటాడి పట్టింది ఆయన బృందమే. కెన్యాకు స్వాతంత్ర్యం వచ్చాక ఆ దేశం ఆయన్ను వెళ్లగొట్టింది. బహ్రెయిన్ ఆదరించింది. 1966లో వచ్చి భద్రతా విభాగానికి పెద్దయ్యాడు. 1971లో ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, హెండర్సన్ మాత్రం 1998 దాకా ఉన్నాడు. ఆయన కింద ఖైదీలను చిత్రహింసలు పెట్టారని ఏళ్ల తరబడి ఆరోపణలు. ఆయన ఒప్పుకోలేదు. ఏ కోర్టూ దోషిగా తేల్చలేదు. బహ్రెయిన్‌లోనే 2013లో కన్నుమూశాడు. ఒకచోట స్వాతంత్ర్యం వచ్చిందని పోవలసి వచ్చిన ఉద్యోగిని, మరోచోట స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కూడా నిలబెట్టుకున్న ఔదార్యం ఎందరికుంటుంది?

ఇంతవరకు చరిత్ర. ఇప్పుడు అర్థశాస్త్రంలోకి వస్తే పొగడటానికి నాలుగు నోళ్లు కావాలి.

ఏలినవారికి నిరుద్యోగం అంటే చాలా బాధ. 2006లో శ్రామిక విపణిని చక్కదిద్దడానికి ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టారు, ఎల్ఎంఆర్ఏ. ప్రైవేటు కంపెనీలు చవగ్గా దొరుకుతున్నాడని విదేశీయుణ్ణే పెట్టుకుంటున్నాయి, అందుకే బహ్రెయినీకి పని దొరకడం లేదని తేల్చారు. సరైన రోగనిర్ణయం. 2008 నుంచి విదేశీ కార్మికుడు ఒక్కొక్కడికి నెలకు 10 దీనార్లు కంపెనీ కట్టాలన్నారు. పరాయివాడు ఖరీదైతే సొంతవాడు గుర్తుకొస్తాడన్నది లెక్క. మనామాలో చిన్న బట్టల దుకాణం నడిపేవాడు, టీ కొట్టువాడు, ఇద్దరు మేస్త్రీలతో పని చేయించే చిన్న కాంట్రాక్టరు గోల పెట్టారు. అయినా ఏలినవారు చలించలేదు. దేశభక్తి నేర్పడానికి డబ్బు ఖర్చవుతుంది, ఆ ఖర్చు కొట్టువాడు పెట్టుకోవాలి.

దానికి తోడు నిరుద్యోగ బీమా పెట్టారు. గల్ఫ్ అరబ్బు దేశాల్లో ఇదే మొదటిది. ఉద్యోగం ఉన్నవాడి జీతంలో నూటికి ఒక వంతు కోసి, లేనివాడికి భృతి. నిజంగా మెచ్చుకోవలసిన పనే, ఇందులో వెటకారం లేదు. కాకపోతే ఒక చిన్న సందేహం ఉండిపోయింది. విదేశీయుణ్ణి పనిలో పెట్టుకుంటే దేశానికి నష్టం అని దుకాణదారుకు పాఠం చెప్పే ఆ రాజ్యమే, పోలీసు శాఖకు విదేశీయుణ్ణి తెచ్చినప్పుడు పది దీనార్లు ఎవరికి కట్టుకుంది? తన కుడి జేబులోంచి తీసి ఎడమ జేబులో వేసుకుందా? టీ పోసేవాడు పరాయివాడైతే దేశానికి ముప్పు, తుపాకి పట్టేవాడు పరాయివాడైతే దేశానికి రక్ష. ఇంత సూక్ష్మం మన బుర్రలకు అందదు.

ప్రభుత్వ లెక్కల్లో నిరుద్యోగం ఏళ్ల తరబడి నాలుగు శాతం చుట్టూనే తిరిగింది. ఊళ్లలో అడిగితే వేరే మాట చెబుతారు, పని లేనివాళ్లలో కుర్రవాళ్లే ఎక్కువని, డిగ్రీలు పట్టుకుని తిరుగుతున్నారని. లెక్క కట్టేవాడూ ఏలినవారి మనిషే కాబట్టి నేను లెక్కనే నమ్ముతాను.

2011 ఫిబ్రవరి 14న ఆ కుర్రవాళ్లు నిరసనకు దిగారు, మర్నాడు మనామాలో ముత్యాల కూడలికి చేరారు. నిరసన మొదలు కావడానికి మూడు రోజుల ముందే ఏలినవారు ఇంటింటికీ 1,000 దీనార్లు ప్రకటించారు. మార్చి మొదట్లో హోం శాఖ ఇంకా పెద్ద మనసు చూపింది, 20,000 ఉద్యోగాలు ఇస్తామంది. ఒక్క శాఖలో ఇరవై వేలు! పౌరుల సంఖ్య ఆరు లక్షలు కూడా లేని దేశంలో. తెలుగు రాష్ట్రాల్లో ఏ ముఖ్యమంత్రీ ఎన్నికల ముందు రోజు రాత్రి కూడా ఇంత నిష్పత్తిలో మాట ఇవ్వలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే పాకిస్తాన్ పత్రికల్లో ప్రకటనలు పడ్డాయి. ఆ దేశపు సైన్యంతో ముడిపడ్డ ఫౌజీ ఫౌండేషన్ వేయించింది. బహ్రెయిన్ నేషనల్ గార్డుకు అత్యవసరంగా మనుషులు కావాలి. అల్లరి మూకలను అదుపు చేయడం నేర్పే శిక్షకులు, మిలిటరీ పోలీసు, కాపలావాళ్లు, వంటవాళ్లు కూడా. వంటవాడి దాకా అత్యవసరమే.

మార్చి 14న సౌదీ సైనికులు వెయ్యి మంది దాకా, ఎమిరేట్స్ పోలీసులు ఐదొందల మంది, సముద్రం మీది ఫహద్ వంతెన దాటి వచ్చారు. ఆ తర్వాత వారాల్లో నిరుద్యోగ సమస్యకు ఇంకొక వినూత్న పరిష్కారం కూడా అమలైంది. నిరసనల్లో, సమ్మెల్లో పాల్గొన్నారని నాలుగు వేల మందికి పైగా ఉద్యోగాల్లోంచి తీసేశారు. చమురు శుద్ధి కర్మాగారంలో, అల్యూమినియం కంపెనీలో, సర్కారు ఆఫీసుల్లో. ఎక్కువమందిని తర్వాత తిరిగి తీసుకున్నారనుకోండి. ఏప్రిల్‌లో దుకాణదారుల మీది ఆ పది దీనార్ల రుసుమును కూడా ఆపేశారు. అంటే ఆ వసంతంలో బహ్రెయినీని తీసేయడం సులువైంది, విదేశీయుణ్ణి పెట్టుకోవడం చవకైంది. రుసుమును మళ్లీ 2013లో, కొంత తగ్గించి, మొదలుపెట్టారు.

ఇదంతా చూసి కొందరు దీన్ని ఉద్యోగాల గొడవ అనుకుంటారు. వాళ్లకు రాజనీతి తెలియదు. ఏలినవారి దూరదృష్టి ఉద్యోగాలను దాటిపోయింది. బహ్రెయిన్ మొత్తం కలిపినా మన మండలాలు నాలుగైదు. అన్ని దీవులూ చేరిస్తే 780 చదరపు కిలోమీటర్ల చిల్లర. ఇంత చిన్న చోట ప్రతివాడూ ప్రతివాడికీ ఏదో ఒక వరస. సితరా కుర్రవాడికి లాఠీ ఇచ్చి సితరా వీధిలో నిలబెడితే ఎదురుగా మేనమామ వస్తాడు, చదువు చెప్పిన పంతులు వస్తాడు, పెళ్లి కుదిరిన పిల్ల అన్న వస్తాడు. ‘ఏరా, మీ అమ్మ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి?’ అని ఒకడు అడిగితే చాలు, లాఠీ దిగిపోతుంది. దిగకపోతే ఇంటికెళ్లాక అన్నం పెట్టేవాళ్లుండరు. ఇలాంటి చోట పోలీసుకు ఉండవలసిన మొదటి అర్హత ఏమిటో ఏలినవారు గుర్తించారు. ఎత్తు, ఛాతీ, డిగ్రీ కాదు. ఎదుటి గుంపులో చుట్టం ఒక్కడూ లేకపోవడం.

ఈ అర్హత స్థానికుడికి ఎన్నేళ్లు కోచింగ్ తీసుకున్నా రాదు. తుర్బత్ నుంచో గ్వాదర్ నుంచో వచ్చినవాడికి పుట్టుకతోనే ఉంటుంది. అరబ్బీ రాకపోవడం దానికి అదనపు మార్కులు. ఆగమని బతిమాలినా, పేరు పెట్టి పిలిచినా, ఖురాను మీద ఒట్టు వేసినా ఉర్దూ, బలూచీ తప్ప రాని మనిషికి అర్థం కాదు. అర్థం కాని మనిషికి జాలి కలిగే ప్రమాదం తక్కువ. ప్రభూ, మీకు ముందు చాలామంది చక్రవర్తులు ఈ రహస్యం తెలుసుకున్నారు. మా హైదరాబాదు నవాబులే హద్రమౌత్ నుంచి అరబ్బులను తెచ్చి సైన్యంలో, కాపలాలో, బాకీల వసూళ్లలో పెట్టుకున్నారు. వాళ్లుండిన బ్యారెక్సే ఇవాళ్టి బార్కస్, హలీమ్ బ్రహ్మాండంగా ఉంటుంది. అప్పుడు మా వీధుల మీద కాపలాకు మీ వైపు మనిషి వచ్చాడు, ఇప్పుడు మీ వీధుల మీద కాపలాకు మా వైపు మనిషి వస్తున్నాడు. ఉపఖండం బాకీ ఉంచుకునే రకం కాదు.

బలూచీ కుర్రవాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాదు, ఈ పొగడ్తలో కూడా రాదు. మక్రాన్ ఎడారిలో నీళ్లూ పనీ లేని ఊరు వాడిది. తండ్రి కూడా బహ్రెయిన్ పోలీసులోనే చేసి ఉంటాడు, తాత కూడా కావచ్చు. జీతం, గది, నెలనెలా ఇంటికి పంపే డబ్బు. ఇవే లెక్కలు వేసుకుని కోరుట్ల నుంచి మనవాడు బయల్దేరతాడు. తేడా ఒక్కటే, మనవాడి చేతికి తాపీ ఇచ్చారు, వాడి చేతికి లాఠీ ఇచ్చారు. బహ్రెయిన్ ఊళ్ల కోపం మాత్రం రాజప్రాసాదం గోడ ఎక్కలేక, అందినంత ఎత్తులో ఉన్నవాడి మీద పడుతుంది. 2011 మార్చిలో పాకిస్తానీ కూలీల మీద దాడులు జరిగాయి. పోలీసూ కానివాళ్లు, లాఠీ చూడనివాళ్లు. గుంపు పాస్‌పోర్టు అడిగి కొట్టదు. చీకట్లో పంజాబీ ఎవరో, బంగ్లాదేశీ ఎవరో, వేములవాడ మనిషెవరో ముఖం చూసి చెప్పగలిగేవాడు ఆ గుంపులో ఉండడు. రాజు తన భయానికి పరాయివాణ్ణి తెచ్చుకుంటే దాని ఖరీదు ఇంకొక పరాయివాడు చెల్లించడం ఎంత చక్కని ఏర్పాటు! రాజుకూ ప్రజకూ మధ్య తగవు ఉండదు, ఉన్నదంతా బీదవాడికీ బీదవాడికీ మధ్యనే.

అదే మార్చి 18న, నిరసనకారులు చేరిన ఆ కూడలిలోని ముత్యాల స్తంభాన్ని కూల్చేశారు. కూలుతున్న కాంక్రీటు కింద పడి చనిపోయినవాడు క్రేను నడుపుతున్న ఒక ఆసియా కార్మికుడు. ఆ బొమ్మ అచ్చుపడ్డ అర దీనారు నాణేన్ని కూడా చలామణీలోంచి తీసేశారు. కూడలికి ఫారూఖ్ జంక్షన్ అని కొత్త పేరు పెట్టారు.

ఇక పౌరసత్వం విషయంలో ఏలినవారి నిష్పాక్షికతకు ఎంత చెప్పినా తక్కువే. 1963 చట్టం ప్రకారం అరబ్బు అయితే 15 ఏళ్లు, కాకపోతే 25 ఏళ్లు అక్కడ ఉంటే గానీ పౌరుడు కాలేడు. రాజు తలచుకుంటే మాత్రం ఆ లెక్క అక్కర్లేదు. పోలీసు, సైన్యం కొలువుల్లో ఉన్న విదేశీయులకు ఆ తలపు ధారాళంగా కలిగిందని ప్రతిపక్షం దశాబ్దాలుగా మొత్తుకుంటోంది. జనాభాలో షియాల పాలు తగ్గించే పన్నాగం అని వాళ్ల ఫిర్యాదు. 2006లో సలాహ్ అల్ బందర్ అనే ప్రభుత్వ సలహాదారు ఈ సంగతులు బయటపెట్టే ఒక నివేదిక వదిలాడు. సుడానీ మూలాలున్న బ్రిటిష్ పౌరుడు. ఆయన్ను బ్రిటన్‌కు పంపేశారు. చూశారా, అవసరమనుకుంటే విదేశీయుణ్ణి సర్కారు కొలువులోంచి తీసేయడం ఏలినవారికి చేతకాదన్న మాట అబద్ధం. ఆ దేశపు ఆడపడుచు పరాయి దేశం వాణ్ణి పెళ్లి చేసుకుంటే ఆమె కడుపున పుట్టిన పిల్లలకు మాత్రం పౌరసత్వం రాదు. పుట్టుక కంటే పని గొప్పదని చాటే ఆదర్శం.

అటు నుంచి ఇటు దారి ఉన్నట్టే, ఇటు నుంచి అటు కూడా వేశారు. 2012 నవంబరులో 31 మంది పౌరసత్వం రద్దు. 2015 జనవరిలో ఒక్క రోజున 72 మంది. తర్వాత కోర్టు తీర్పుల ద్వారా వందల్లో. 2019 ఏప్రిల్‌లో 551 మందికి తిరిగి ఇచ్చారు, అది కూడా దయ కిందే లెక్క. రద్దయినవాళ్లలో చాలామందికి వేరే దేశం లేదు. పుట్టిన ఊళ్లోనే విదేశీయులయ్యారు. ఇందులో ఉన్న కరుణ ఎవరికీ కనబడకపోవడం నాకు ఆశ్చర్యం. పోలీసు ఉద్యోగం రాదని ఏడ్చిన స్థానికుడికి ఇంతకాలం ఉన్న అడ్డంకి ఏమిటి? స్థానికుడు కావడమే కదా! ఆ అడ్డంకి ఒక్క సంతకంతో తొలగించారు. ఇక దరఖాస్తు పెట్టుకోవడమే తరువాయి.

ఈ ఆనందాలన్నిటి మధ్య ఏలినవారే స్వయంగా ఒక విచారణ సంఘం వేయడం నిజంగా విశేషం. షరీఫ్ బస్సియూనీ అధ్యక్షతన అంతర్జాతీయ న్యాయనిపుణులు. 2011 నవంబరు 23న రాజుగారి ఎదుటే నివేదిక చదివారు. చిత్రహింసలు జరిగాయన్నారు. నిరసనల వెనుక ఇరాన్ హస్తం ఉందనడానికి తమ ముందు పెట్టిన ఆధారాలు చాలవన్నారు. భద్రతా దళాల్లో అన్ని వర్గాల వారినీ చేర్చుకోండి, త్వరగా చేయండి అన్నారు. ఏ అరబ్బు రాజూ తన మీద ఇంత మాట తన ఇంట్లోనే చెప్పించుకోలేదు. ఆ ధైర్యానికి నిజంగానే నమస్కారం. చెప్పించుకున్నాక ఏం చేశారన్నది వేరే ప్రశ్న. పోలీసును సంస్కరించడానికి వెంటనే ఇద్దరు నిపుణులను నియమించారు. ఒకరు మయామీ నుంచి జాన్ టిమోనీ, 2003లో అక్కడి వాణిజ్య సదస్సు నిరసనలను అణచిన తీరుతో పేరుపడ్డ పోలీసు అధిపతి. ఇంకొకరు లండన్ నుంచి జాన్ యేట్స్, ఫోన్ హ్యాకింగ్ కుంభకోణం రగులుతుండగా 2011 జూలైలో స్కాట్లాండ్ యార్డు వదిలేసి వచ్చినవాడు. పోలీసులో పరాయివాళ్లు ఎక్కువయ్యారన్న ఫిర్యాదును పరిష్కరించడానికి ఇద్దరు పరాయివాళ్లను తేవడం కంటే తగిన సమాధానం ఉంటుందా? అన్ని వర్గాల నుంచి కొన్ని వందల మందిని కమ్యూనిటీ పోలీసులో తీసుకుంటామని కూడా ప్రకటించారు. గొడవ ముదిరినప్పుడు వీధిలోకి దిగే దళం అది కాదు.

బాష్పవాయువు కూడా పరాయి దేశానిదే కావాలన్న పట్టుదల చూడండి. 2013లో బయటపడిన ఒక టెండరు కాగితంలో 16 లక్షల గుళ్లు అడిగారు. అప్పటి జనాభా, విదేశీయులను కలిపినా, అంత లేదు. పసిపిల్లలతో సహా తలకొకటి పంచినా మిగులుతాయి. పంపవలసిన దక్షిణ కొరియా 2014 జనవరిలో కాదంది. కొరియావాళ్లకు వ్యాపారం రాదు.

మనం దూరం నుంచి చూసి నవ్వుకునే వీలు లేదు. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లో 14ఎఫ్ అనే చిన్న నిబంధన హైదరాబాద్ నగర పోలీసు కొలువులను స్థానికుల కోటా బయట ఉంచింది. 2009 అక్టోబరులో సుప్రీంకోర్టు అది సరైనదే అనేసరికి తెలంగాణ ఎట్లా భగ్గుమన్నదో, నవంబరు 29న కేసీఆర్ దీక్షకు కూర్చున్నదాకా ఎట్లా పోయిందో అందరికీ తెలుసు. ఇక్కడ తగవు పరాయి దేశంవాడితో కూడా కాదు. ఒకే రాష్ట్రం, ఒకే భాష, పక్క జోను మనిషి. ఆ మాత్రానికే గుండె మండిన జనానికి, తన వీధిలో తన భాష రాని మనిషి తన తలుపు తన్నితే ఎట్లా ఉంటుందో వివరించనక్కర్లేదు. రెండు వైపులా మంచి వాదనలే ఉన్నాయి, వాటిలోకి ఇప్పుడు దిగితే ఈ వ్యాసం తెల్లారేదాకా సాగుతుంది. ఒక్క మాట మాత్రం. మన గొడవలో వాటా ఎంత అని అడిగారు. బహ్రెయిన్‌లో అడిగేది వాటా గురించి కాదు, లాఠీ ఎవరి వైపు తిరిగి ఉండటానికి పుట్టిందన్న దాని గురించి. దీన్ని నిరుద్యోగం అని పిలిచినంతకాలం ఏలినవారికి సుఖం. ఎల్ఎంఆర్ఏ ఇంకో పథకం వేస్తుంది, బీమా ఇంకొన్ని దీనార్లు పెంచుతుంది.

ఇప్పుడు చిన్న విన్నపం ఉంది, ప్రభూ. తమ రాజ్యంలో ఇల్లు కట్టేవాడు తెలుగువాడు, టీ పోసేవాడు మలయాళీ, పిల్లలను ఆడించేది ఫిలిప్పీన్స్ అమ్మాయి, లాఠీ పట్టేవాడు బలూచీ, లాఠీ ఎట్లా పట్టాలో చెప్పేవాడు ఇంగ్లీషువాడు. జనాభాలో సగానికి పైగా విదేశీయులే. ఇంత సంపూర్ణమైన ఏర్పాటులో ఒక్క కొలువు మాత్రం ఇంకా పాతపద్ధతిలో స్థానికుల గుత్తాధిపత్యంలో మిగిలిపోయింది. సాయంత్రం నమాజు తర్వాత దిరాజ్ ఊరి వీధిలోకి వచ్చి నిలబడి, నినాదాలిచ్చి, పొగ మింగి, పట్టుబడే కొలువు. ఇందులో ఒక్క విదేశీయుడికీ స్థానం ఇవ్వడం లేదు. జీతం కూడా లేదు, అయినా వదలరు. ఈ అన్యాయాన్ని కూడా సరిచేస్తే రాజ్యం నిండుగా ఉంటుంది. ఫౌజీ ఫౌండేషన్ వారికి అలవాటైన పనే కాబట్టి ప్రకటన ముసాయిదా కింద సమర్పించుకుంటున్నాను.

కావలెను, అత్యవసరముగా. గుంపుగా నిలబడుటకు మనుషులు. వయసు 18 నుండి 30. అనుభవం అక్కరలేదు. అరబ్బీ రానక్కరలేదు, నినాదములు ఉర్దూలో రాసి ఇవ్వబడును. భోజనము, వసతి ఉచితం. కంటికి నీళ్లు కారినచో వైద్యఖర్చులు సొంతము. పోలీసు దళములో చుట్టములు ఉన్నవారికి ప్రాధాన్యత. స్థానికులు దరఖాస్తు చేయరాదు.